పెతీసా వీపు మీది పువ్వు

రాజధాని నుంచి వచ్చిన డాక్టరమ్మకి ఎర్మెలిందా ఎచావె మొదటిరోజు చల్లారిపోయిన మాతే ఇచ్చింది. మా వైపు అది చిన్న సంగతి కాదు. ఎండు సొరబుర్రలో ఆకు వేసి, నీళ్ళు పోసి గొట్టంతో పీల్చే ఆ మాతే వేడిగా అందిస్తే కూర్చోమని, చల్లగా అందిస్తే లేచి వెళ్ళమని. నోటితో అనలేని మాటలన్నీ మేము ఆ సొరబుర్రతోనే అనేసుకుంటాం. పైగా అందులో ఉన్నది పొద్దున్న తను తాగి రుచంతా పీల్చేసిన ఆకు.

ఆ అమ్మాయి గొట్టం నోట పెట్టుకుని చివరి గుటకదాకా పీల్చింది. బుర్రని తిరిగి ఎర్మెలిందా చేతికిచ్చి, "చల్లగా ఉందండీ. అయినా ఇంకోటి పోయండి," అంది.

ఎర్మెలిందా ఉలిక్కిపడింది. ఇక చాలనుకున్నవాళ్ళు థాంక్స్ అంటారు. ఈ పిల్ల అనలేదు. అంటే ఇప్పట్లో కదిలే రకం కాదు. నవ్వు మొహం, చిన్న గొంతు, తడవకొకసారి 'అండీ'. ఇలాంటివాళ్ళే కొంపలు ముంచేది అనుకుని, ఎర్మెలిందా కుర్చీని తలుపుకి అడ్డంగా జరుపుకుని కూర్చుంది.

అమ్మాయి పేరు బసానీ. పాతకాలపు డిప్ప జంతువుల మీద చదువుకుని డాక్టరయింది. అంటే ఎద్దంత ఒళ్ళు, వీపున రాతిలాంటి డిప్ప మోస్తూ ఈ మైదానాల్లో తిరిగి, మనిషి ఇక్కడ అడుగుపెట్టిన కొత్తల్లోనే మట్టిలో కలిసిపోయిన గ్లిప్టోడాంట్ల మీద. మా ఊరు పాసో చికోకి అలాంటిది ఒకటుంది. మా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని మరుగుజ్జు జాతి. దాన్ని మేము పెతీసా అంటాం, పొట్టిది అని. డిప్ప బోర్లించిన బట్టలతొట్టంతే. ఊరి పేరు కలిపి దానికి లాటిన్‌లో పేరు పెట్టారు. ఊరి మొదట్లో సిమెంటు పెతీసా ఉంది, ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీద పెతీసా ఉంది, వసంతంలో మూడు వీధులూ కట్టేసి పెతీసా పండగ చేస్తాం. అసలుది మాత్రం పాత రైలు గోదాములో, మ్యూజియం అని బోర్డు పెట్టిన చోట, అద్దాల పెట్టెలో ఉంది. ఆ పెట్టె తాళంచెవి ఎర్మెలిందా మెడలో ఉంటుంది.

"కొలతలు తీసుకోడానికి వచ్చా," అంది బసానీ.

"కొలతలు ముందే తీశారుగా, పాత ప్రొఫెసరు."

"మళ్ళీ తీస్తే మంచిదని."

మళ్ళీ ఎందుకు తియ్యాలి? కొలిచినది కుంచించుకుపోతుందా? ఎర్మెలిందాకి ఆ జవాబు అస్సలు నచ్చలేదు.

ఊళ్ళో ఎవరికీ నచ్చలేదనుకోండి. రాజధాని వాళ్ళంటే మా భయం ఊరికే పుట్టింది కాదు. మా తాతల కాలంలో నది గట్టున బయటపడిన ఎముకలన్నీ చూసి ఇస్తామని రైలెక్కించుకుపోయారు. ఇవాళ్టిదాకా చూస్తూనే ఉన్నారు. మిగిలింది ఒక్క పెద్ద డిప్ప. అదీ వాళ్ళ దయవల్ల కాదు, రైలు పెట్టె తలుపులో పట్టలేదు. అందుకే అది ఈనాటికీ ఊరి నడుమ ప్లాజాలో, రేకుల కప్పు నీడన ఉంది. వానొస్తే ఊరి కుక్కలు దాని కింద దూరతాయి.

మ్యూజియం కమిటీకి పెద్ద తార్దీతీ. పండగ కమిటీకీ అతనే. బారు కూడా అతనిదే, బారు పేరు కూడా పెతీసాయే. ఆ మధ్యాహ్నం అతను గోదాము గుమ్మంలోకి వచ్చి, అమ్మాయికి వినబడకుండా గొణిగాడు.

"కంట్లో వత్తులేసుకు చూడు ఎర్మెలిందా. సంచీలో ఏవైనా వేసుకుపోగలదు."

"నాకు చెప్పాలా నువ్వు?"

"నీకు చెప్పక్కర్లేదులే. కాపలా విలువ మీ ఇంట్లో నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

ఇరవై ఏళ్ళకి పైగా ఇదే ఎత్తిపొడుపు. ఎర్మెలిందా మెడలోని తాడు తడుముకుని ఊరుకుంది.

ఆమె ఊరుకోడానికి కారణం తెలియాలంటే ఆమె తమ్ముడు కాసియానో గురించి చెప్పాలి.

అక్కాతమ్ముళ్ళిద్దరూ నది దిగువన మట్టిగోడల ఇంట్లో పుట్టారు. తల్లి చాకిరేవు మనిషి. తండ్రి మొహం వాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఎర్మెలిందా చిన్నప్పుడే బడి వంటింట్లో చేరి, జుట్టు నెరిసేదాకా ఊరి పిల్లలందరికీ ముక్కల పులుసు వడ్డించింది. కాసియానో పొలాలకి తీగ కంచెలు కట్టేవాడు. వాడికి నూబే అని ఒక బూడిదరంగు గుర్రం ఉండేది, ఆడగుర్రం. తీగచుట్టలు, గునపాలు, వాడు, అన్నీ దాని మీదే. వాడు తన భోజనం మర్చిపోయేవాడు గాని నూబే దాణా మర్చిపోయేవాడు కాదు. పెళ్ళి చేసుకోరా అంటే, "నూబేని అడిగి చెప్తా అక్కా," అనేవాడు.

ఒక కరువు ఏడు నది బాగా లోపలికి తగ్గింది. కాసియానో పొద్దున్నే గట్టు వెంట వస్తుంటే, తడిసిన మట్టిగోడలో ఏదో వంపుగా కనబడింది. దగ్గరికెళ్ళి చేత్తో తుడిచాడు. అక్కణ్ణుంచి తిన్నగా బారుకి పరుగెత్తాడు.

"ప్లాజాలో దాని వీపు మీద పువ్వుంది చూశారూ? అదే పువ్వు! అచ్చం అదే పువ్వు!"

ఈ జంతువుల డిప్ప అంతా బిళ్ళలు బిళ్ళలుగా ఉంటుంది. ప్రతి బిళ్ళ మీదా నడుమ ఒక బొడ్డు, చుట్టూ రేకులు. జాతిని బట్టి పువ్వు మారుతుంది. ప్లాజా పువ్వు మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అదే పువ్వంటే దానంత జంతువే అని బారంతా అనేసుకుంది. ట్రాక్టరు తెప్పించాలన్నారు, రైలు రాకముందే దాచెయ్యాలన్నారు. రైళ్ళు ఆగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. అయినా అన్నారు.

నాలుగు రోజులు పోయాక కాసియానో తవ్వి తెచ్చింది బట్టలతొట్టంత డిప్ప. దాన్నీ, లోపలున్న కాలి ఎముకల్నీ, దవడనీ నూబే వెనకాల చెక్క మీద కట్టి ఈడ్చుకొచ్చాడు. బారు గొల్లుమంది. తరవాత రాజధాని నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు, ఆ రోజు పండగలా మాంసం కాల్చారు. ఆయన బంకమట్టి పట్టిన డిప్పని పైనుంచి చూసి, ఇది ప్లాజా జాతి కాదన్నాడు, పువ్వులో రేకులు లేవన్నాడు. ఎదిగిన జంతువే, కొత్త జాతి, మరుగుజ్జుది, దీనికి మీ ఊరి పేరే పెడతానన్నాడు. తిన్న మాంసం మీది గౌరవం ఎంతో, చూసిన చూపు ఎంతో ఆయనకే తెలియాలి. ఊరికి మాత్రం రెక్కలొచ్చాయి.

రెక్కలొచ్చిన ఊరికి ఆలోచన కూడా వచ్చింది. ఇది ప్లాజా పువ్వు కాదు. కాసియానో చూసింది ప్లాజా పువ్వు. అంటే వాడు చూసింది ఇది కాదు. గట్టులో పెద్దది ఇంకోటి ఉండాలి. మరి అదేది?

ఆ వారంలోనే ఊరి బయట రోడ్డు మీద ఒక తెల్ల లారీ ఆగింది. కాసియానో అందులోంచి దిగడం తార్దీతీ తన బారు గుమ్మంలోంచి, అంత దూరాన్నుంచే, కళ్ళారా చూశాడు. ఇంకో నెలకి ఎచావె వాళ్ళింటి మీద గడ్డి కప్పు పోయి, మెరిసే జింకు రేకులు వచ్చాయి. అంతే. పెద్దదాన్ని లారీవాళ్ళకి అమ్ముకున్నాడన్నారు. ఇక సాక్ష్యాలు ఎవరికి కావాలి?

"పువ్వు అదే అన్నా. అంత పెద్దదని నేనెప్పుడన్నా?" అని వాడు రెండుమూడుసార్లు చెప్పాడు. నవ్వారు. తరవాత చెప్పడం మానేశాడు. బారుకి రావడం మానేశాడు. దూరపు పొలాల్లో పని ఒప్పుకుని నెలలకి నెలలు అక్కడే ఉండేవాడు. నూబే ఏదిరా అంటే, "నది అవతల పిన్ని కొడుకు పొలంలో వదిలా, ముసలిదైపోయింది," అన్నాడు.

ఎర్మెలిందా ఏమీ అడగలేదు. అడగకపోవడం నమ్మకమని ఊళ్ళో కొందరు అనుకున్నారు. కాదు. ఆమె కూడా ఊరితో పాటే నమ్మింది. తన నెత్తి మీద దొంగ సొమ్ము ఉందని నమ్మి, దాని కిందే వండుకుని, దాని కిందే పడుకుంది. ఒకసారి వాడు ఇంటికొచ్చినప్పుడు బయట జోరున వాన. రేకుల మీద చప్పుడికి మాట వినబడట్లేదు. వాడు పులుసు గిన్నె ముందు కూర్చుని పైకి చూసి నవ్వాడు.

"కారట్లేదు కదక్కా?"

"కారట్లేదు. దేన్ని అమ్మితే వచ్చిందో గాని, కారట్లేదు," అంది ఎర్మెలిందా.

వాడు చెంచా కింద పెట్టాడు. టోపీ తీసుకుని ఆ వానలోనే వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి కంచె కడుతూ కడుతూ గుండె ఆగి పోయాడు. కాటికి వచ్చినవాళ్ళు చేతివేళ్ళకి సరిపోయారు.

ఆ తరవాతే కమిటీ ఆమెకి మ్యూజియం తాళంచెవి ఇచ్చింది. దొంగ అక్కకన్నా బాగా ఎవరు కాస్తారులే అని తార్దీతీ నవ్వుతూ అన్నాడు. ఆమె తల వంచుకుని తీసుకుంది. తమ్ముడు చేసిన తప్పుకి తనే శిక్ష అనుభవిస్తున్నట్టు, పెతీసా అద్దం మీద దుమ్ము వాలనివ్వకుండా ఇన్నేళ్ళూ కాసింది. తాళంచెవిని మాత్రం, ఇంటికి రేకులేసిన ఏడు, చలికాలంలో కాసియానో గుర్రపు వెంట్రుకలతో అల్లి ఇచ్చిన బూడిదరంగు తాడుకే కట్టుకుంది. గట్టి తాడు. అంతకుమించి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

బసానీ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అద్దం తీయమంది, ఎర్మెలిందా తీసి పక్కనే నిలబడింది. అమ్మాయి చెయ్యి సంచీ వైపు వెళ్ళినప్పుడల్లా ఆమె గొంతు సవరించుకునేది. డిప్ప కింద పోసిన సున్నపు దిమ్మ నుంచి డిప్పని పైకి లేపి లోపలి వైపు చూడాలని బసానీ అడిగింది. కమిటీని అడగాలి అంది ఎర్మెలిందా. కమిటీ అంటే తార్దీతీ. అతను ససేమిరా అన్నాడు.

"లేపితే విరుగుతుంది. విరిగితే అతికిస్తానని పట్టుకుపోతుంది. నాకు తెలీదా వీళ్ళ వేషాలు?"

ఆ సాయంత్రం రొట్టెలకి వెళ్తూ ఎర్మెలిందా ప్లాజాలో ఆగిపోయింది. పెద్ద డిప్ప కింద నుంచి రెండు బూట్లు బయటికి ఉన్నాయి. కుక్కలు పక్కన కూర్చుని చోద్యం చూస్తున్నాయి.

"ఎవరది? బయటికి రా!"

బసానీ వెల్లకిలా పాక్కుంటూ బయటికొచ్చింది, చేతిలో టార్చి, జుట్టు నిండా దుమ్ము.

"దీన్ని కూడా పట్టుకుపోదామనా? తలుపులో పట్టదమ్మాయ్. మీవాళ్ళు ముందే చూసుకున్నారు."

"నేనేమీ పట్టుకుపోడానికి రాలేదండీ."

"మరెందుకొచ్చావ్? కొలతలని నాకు కట్టుకథలు చెప్పకు. ఆ పెట్టె తాళం నా దగ్గరుంది. నిజం చెప్తేనే రేపు తీస్తా."

బసానీ లేచి దుమ్ము దులుపుకుంది.

"పెతీసా మరుగుజ్జు కాదేమో అని నా అనుమానం. పిల్లేమో అని."

"పిల్లా?"

"కూన. దీని జాతి కూన." పెద్ద డిప్ప మీద చెయ్యి వేసింది.

ఎర్మెలిందాకి మొదట ఊరు గుర్తొచ్చింది, సిమెంటు బొమ్మ, పండగ, చొక్కాలు. ఈ పిల్ల దొంగ కాదు, అంతకన్నా పెద్ద ముప్పు అనుకుంది. ఆ తరవాతే మెల్లగా ఇంకోటి తట్టింది.

"అయితే… దాని పువ్వూ దీని పువ్వూ?"

"ఒకటే అయ్యుండాలి. కూనల్లో బొడ్డు పెద్దగా ఉంటుంది, చుట్టూ రేకులు సన్నగా, ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. ఎదిగేకొద్దీ తేలతాయి. పాత ప్రొఫెసరుగారు పైనుంచి, మట్టితో ఉండగా చూశారు. పక్కవాటు వెలుగు పడాలండీ. అప్పుడు కనిపిస్తాయి."

నది గట్టు. పొద్దున్నే. తడి మట్టి మీద పక్కనుంచి పడే ఎండ.

"పద," అంది ఎర్మెలిందా.

"ఎక్కడికి?"

"గోదాముకి. డిప్ప లేపుదువుగాని."

"కమిటీ?"

"కమిటీ మెడలో లేదు తాళం."

తలుపులు మూసి ఇద్దరూ కలిసి డిప్పని లేపి, మెత్తటి దుప్పటి మీద వెల్లకిలా తిప్పారు. పై వైపు కమిటీవాళ్ళు మెరవాలని పడవల వార్నిష్ పూశారు, అందుకే అతుకులేవీ కనబడవు. లోపలి వైపు ఎవరూ పూయలేదు. బసానీ కుంచెతో దుమ్ము తుడిచింది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య సన్నటి సందులు, ఎక్కడా ఒకదానికొకటి కరుచుకోలేదు. అంచు బిళ్ళలు ముట్టుకుంటే కదిలాయి.

బసానీ ఏదో చెప్పబోయింది. ఎర్మెలిందా చెయ్యెత్తి ఆపింది. ఆమెకి మాటలు అక్కర్లేదు. మా పొలాల్లో ములీతా అని బొరియలు తవ్వుకునే చిన్న డిప్ప జంతువు ఉంది, దాన్ని దాని డిప్పలోనే వండుతాం. ముదురుది పొయ్యి మీద గంటలు ఉన్నా డిప్ప పలకలాగే ఉంటుంది. లేతదైతే అంచులు మెత్తగా వంగి, ఉడికేసరికి బిళ్ళలు విడిపోయి పులుసులో పడతాయి. అవి ఏరి పారేయలేక ఆమె ఎన్నిసార్లు తిట్టుకుందో. ఇన్నేళ్ళు అద్దం తుడిచింది. ఒక్కసారి తిప్పి చూసుంటే తెలిసేది. తిప్పి చూడాలని ఎందుకు అనిపించలేదు? ఏం కనిపిస్తుందోనని భయపడిందా? ఆ ప్రశ్న ఆమెకి నచ్చలేదు.

"లేతది," అంది.

"లేతదే. ఈ కాలి ఎముక చూడండి, చివర ఎముక టోపీ ఊడిపోయింది. పెద్దయితే అతుక్కుపోతుంది. పళ్ళు కూడా అరగలేదు." బసానీ డిప్పని మళ్ళీ తిప్పి, అంచున వార్నిష్ పెచ్చులూడిన చోట టార్చిని పక్కకి వాల్చి పట్టుకుంది. బొడ్డు చుట్టూ, నీడల్లో, రేకులు లేచాయి. సన్నగా, కాని స్పష్టంగా. ప్లాజా పువ్వు.

"మా తమ్ముడు ఇదే అన్నాడు," అంది ఎర్మెలిందా. "అదే పువ్వు అన్నాడు. అలాగే అన్నాడు."

"మరి అప్పుడెవరూ నమ్మలేదా?"

"నేను కూడా నమ్మలేదు."

అంతటితో ఆమె మనసు కుదుటపడాల్సింది. పడలేదు. అనుమానం అలవాటైన బుర్ర ఊరికే ఉండదు. రెండో జంతువు లేకపోతే అమ్మడానికి ఏముంది? ఏమీ లేకపోతే తెల్ల లారీ ఎందుకొచ్చింది? ఇంటి మీదికి జింకు రేకులు ఎలా వచ్చాయి?

మర్నాడు ఆమె రోడ్డు దాటే చోట ఉండే సిరియాకో దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు మందలు తోలిన మనిషి. ఆ రోజు లారీ ఆగింది ఆయన గుడిసె ముందే. ముసలాయన గుమ్మడికాయ చెక్కు తీస్తున్నాడు.

"సిరియాకో బాబాయ్, కాసియానో ఎక్కిన ఆ తెల్ల లారీ గుర్తుందా?"

ముసలాయన కత్తి ఆగింది. "ఇప్పుడెందుకే అవన్నీ?"

"వెనక ఎలా ఉంది?"

"లారీలాగే ఉంది."

"బాబాయ్."

ఆయన గుమ్మడికాయని పక్కన పెట్టాడు. "చుట్టూ చెక్కల కంచె. పశువుల లారీ. అడుగున పేడ."

"లోపల?"

"గుర్రాలు. ముసలివి, కుంటివి. అది ఎక్కడికి పోయే లారీయో నీకు చెప్పక్కర్లేదుగా."

చెప్పక్కర్లేదు. అలాంటి గుర్రాలని కోతకి తీసుకెళ్తారు, మాంసం ఓడలెక్కి ఎవరెవరి దేశాలకో పోతుంది. మేము తినం. మా వైపు మగవాడు భార్యని వదిలేసినా క్షమిస్తారు, తను ఎక్కిన గుర్రాన్ని ఆ లారీకి ఇచ్చాడని తెలిస్తే వాడితో ఒక బుర్రలో మాతే తాగరు.

"నూబే ఎక్కనని మొరాయించింది," అన్నాడు సిరియాకో. "ఆ లారీవాడు కర్ర తీశాడు. మీ తమ్ముడు వాణ్ణి తోసేసి, తనే ముందు లోపలికెక్కి పిలిచాడు. వాడు పిలిస్తే ఎక్కకుండా ఉంటుందా? ఎక్కింది. దాని మెడ పట్టుకుని కాసేపు ఉండి, దిగాడు. తార్దీతీ చూసింది అదే, దిగడం."

ఎర్మెలిందా అంది, "నీకు తెలిసీ, ఊరంతా దొంగ దొంగ అంటుంటే…"

"వాడే వద్దన్నాడు. చెయ్యి పట్టుకుని చెప్పాడు. 'దొంగ అంటే అననీ బాబాయ్, ఈ మాట మాత్రం అక్కకి తెలియనివ్వకు,' అన్నాడు. 'తెలిస్తే ఆ ఇంట్లో పడుకోదు,' అన్నాడు. మీ అమ్మ అంతకుముందు ఏడేగా దగ్గి దగ్గి పోయింది, కారే కప్పు కింద? నువ్వూ దగ్గడం మొదలెట్టావు."

ఆమె చెయ్యి తనంతట తనే మెడ మీదికి వెళ్ళింది. తాడు. బూడిదరంగు వెంట్రుకలు, పొడుగ్గా, ఒత్తుగా అల్లినవి. రోజూ ఎక్కే గుర్రం తోకని అంత మొదలంటా ఎవరూ కత్తిరించరు. ఆమె అక్కడే, గుమ్మడి తొక్కల మధ్య కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చింది. సిరియాకో పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. మాతే వేడిగా ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం తార్దీతీ బారులో కమిటీ కూర్చుంది, ఊరు నిలబడింది. బసానీ నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా చెప్పింది. డిప్ప ఎక్కడికీ పోదని, ఇక్కడే ఉంటుందని ముందే చెప్పింది. అయినా అసలు మాట వచ్చేసరికి గోల మొదలైంది.

"అంటే ఇన్నేళ్ళూ మేము పసిపిల్లకి పండగ చేశామా?"

"సిమెంటు బొమ్మ నోట్లో పాలపీక పెట్టండయ్యా."

"చొక్కాలు కొత్తవి కుట్టించాలిక!"

తార్దీతీ మొహం మాడిపోయింది. "నా బోర్డు సంగతేంటి? ఎర్మెలిందా, డిప్పని లేపనిచ్చింది నువ్వేనా?"

"నేనే." ఎర్మెలిందా లేచి నిలబడింది. ఆ బారులో ఆమె అంతవరకు ఎప్పుడూ నిలబడి మాట్లాడలేదు. "లేపాను, చూశాను. అదే పువ్వు. గట్టులో ఉన్నది ఒకటే జంతువు, తెచ్చింది ఒకటే జంతువు. రెండోది లేదు. కాసియానో దేన్నీ అమ్ముకోలేదు. ఆ మాట అన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, నాతో సహా."

కొందరు గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఒకరిద్దరు టోపీలు తీశారు. తార్దీతీ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. బల్ల మీద తడి తుడుస్తూ, అందరికీ వినబడేలా అడిగాడు.

"సరే, జంతువుని అమ్మలేదు. ఒప్పుకున్నాం. మరి మీ ఇంటి మీది రేకులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

అందరూ ఆమె వైపు తిరిగారు. సిరియాకో మాత్రం మూలన తల దించుకున్నాడు. చెప్పేయాలని ఆమెకి ఎంత అనిపించిందో! ఒక్క మాట చాలు. మీరు దొంగ అన్నవాడు నాకోసం ఏం చేశాడో వినండి అని అరవాలనిపించింది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. లారీలోకి తనే ముందెక్కిన కాసియానో కళ్ళ ముందు మెదిలాడు. వాడు దాచుకున్నది అదొక్కటే. దాన్ని కూడా బారు బల్ల మీద పడేస్తే, వాడికి ఇంకేం మిగులుతుంది?

"ఎక్కణ్ణుంచి వచ్చాయో నువ్వే చెప్పు తార్దీతీ," అంది. "అనుమానపడడం నీకు బాగా చేతనవుతుంది. ఇన్నేళ్ళూ వాణ్ణి అనుమానించావు, ఇకనుంచి నన్ను అనుమానించు. నాకు అభ్యంతరం లేదు."

తాళంచెవిని తాడు నుంచి విప్పి బల్ల మీద పెట్టింది. తాడు తీసుకుని మళ్ళీ మెడలో వేసుకుంది. బయటికి వెళ్తూ బసానీ దగ్గర ఆగింది.

"దీని గురించి అచ్చులో రాస్తావుగా? కాసియానో ఎచావె మొదట చూసి, అదే పువ్వన్నాడని రాయి."

"రాస్తానండీ."

"రేపు వెళ్ళేముందు ఇంటికి రా. కొత్త ఆకు వేసి, వేడిగా ఇస్తా."

ఆమె ఇల్లు చేరేసరికి ఆకాశం దక్షిణం వైపు నల్లబడింది. తలుపు తీసి, బల్ల దగ్గర కూర్చుంది, తమ్ముడు ఒకప్పుడు చెంచా వదిలేసి లేచిపోయిన చోటికి ఎదురుగా. వాన మొదట చినుకు చినుకుగా, ఆ తరవాత ఒక్కసారిగా రేకుల మీద పడింది. ఆమె పైకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ కప్పు వైపు తల దించుకోకుండా చూసింది అదే మొదటిసారి.

"కారట్లేదురా," అంది, ఆ చప్పుడులో వాడికి వినబడేంత గట్టిగా. "కారట్లేదు."